గేటు మీది పైన్ కొమ్మ

నీగాతా, ఆసుపత్రి
ఫిబ్రవరి 20

చిరంజీవి మినోరికి అమ్మమ్మ ఆశీస్సులు.

సముద్రం మీంచి వచ్చే గాలి ఇంకా కోస్తూనే ఉంది గానీ, మధ్యాహ్నం పూట కిటికీ అద్దం మీద ఎండ కాసేపు నిలబడుతోంది.

ఇవాళ రాయడానికి కారణాలు రెండు. తుంటి ఎముక అతుకుతున్నా మార్చి నెలాఖరు దాకా ఇంటికి పంపనని డాక్టరు నిన్న తేల్చి చెప్పాడు. అంటే తోటని వసంతానికి సిద్ధం చేసే పని ఈ ఏడు నా చేతిలో లేదు. రెండోది తాతయ్య సంగతి. నిన్న మీ అమ్మ ఫుమికో వచ్చింది. మన ఊరి కొండ కింది వృద్ధాశ్రమంలో ఒక గది ఖాళీ అయిందట. మార్చి 15 దాకా మన కోసం ఉంచుతారు. ఆ తరువాత వేరేవాళ్లకు ఇస్తారు.

"ఆయనకి మతిమరుపు కాదమ్మా, అంతకంటే ముదిరింది. నీ కాలు ఇలా ఉంటే ఎవరు చూస్తారు?" అంది మీ అమ్మ. నలభై ఏళ్లు రైల్వేలో సిగ్నళ్లు చూసిన మనిషికి చూసేవాళ్లు కావాలా అన్నాను. చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. వసంతం పనులు ఆయన ఏటా చేసినట్టే, ఎప్పుడు చెయ్యాల్సింది అప్పుడు చేస్తే ఇంట్లో ఉంటారు. లేకపోతే ఆశ్రమం.

కాబట్టి నువ్వు దగ్గరుండి చూడాలి. ముందు కమీలియా చుట్టూ ఉన్న చెక్కలు తియ్యాలి. తరువాత అజేలియా పొదల కట్లు. పైన్ చెట్టు అన్నిటికంటే ఆఖరు. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా నవంబరులో ఆయనే కట్టిన గడ్డితాళ్లు, మాను పక్కన పాతిన గుంజ కొస నుంచి గొడుగు ఊచల్లా దిగి ఉన్నాయి కదా, వాటిని మార్చి 21 దాకా ముట్టకూడదు. పగలూ రాత్రీ సమానమయ్యే ఆ రోజు పొద్దున పెద్దల సమాధులకు వెళ్లొచ్చి, మధ్యాహ్నం విప్పడం మన ఇంటి పద్ధతి. ఎండ చూసి మోసపోవద్దు. జనవరి మంచు పిండిలా రాలిపోతుంది. మార్చి మంచు నీళ్లు తాగి పడుతుంది.

గేటు మీదికి వంగిన కొమ్మ గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు. మీ అమ్మ బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది తాతయ్య దాన్ని గేటు వైపు వంచడం మొదలుపెట్టారు. వెదురుకు కట్టి, ఏటా వేలెడు చొప్పున. ఈ ఇంట్లో అందరం దాని కిందనుంచే లోపలికి వచ్చాం.

ఇంటికి నేను ఫోను చెయ్యను. ఫోను మోగితే స్టేషను నుంచి పిలుపనుకుని ఆయన టోపీ వెతుక్కుంటున్నారని నువ్వే అన్నావు. ఉత్తరం రాయి. చూసింది చూసినట్టు రాయి, తీపి కలపకు.

అమ్మమ్మ కినుయో


తకాదా
ఫిబ్రవరి 26

అమ్మమ్మకు మినోరి నమస్కారాలు.

చూరు నుంచి మంచు నీళ్లు పొద్దున్నుంచి కారుతున్నాయి. తోటలో మంచు తుంటి ఎత్తు నుంచి మోకాలి దాకా దిగింది. రాతి దీపస్తంభం నెత్తిన మంచు టోపీ తీసింది. (వాతావరణంతో మొదలుపెట్టాను, చూశారుగా.)

తాతయ్య బాగా తింటున్నారు. నిన్న గోడ వార మంచు కరిగిన చోట ఫుకీ అనే చేదు ఆకుకూర మొగ్గలు మొలిచాయని ఆయనే చూసి కోసుకొచ్చారు. సోయా ముద్ద మిసోలో వేయించి పెట్టాను. "చేదు చాల్లేదు. మీ అమ్మమ్మ చేస్తే నాలుక వంకర పోయేది" అన్నారు. అది పొగడ్తో తిట్టో నాకు తెలియలేదు.

నన్ను ఒక్కోసారి ఫుమికో అని పిలుస్తున్నారు. తారీఖు చెబుతారేమోనని అడిగి చూశాను.

"తాతయ్యా, ఇవాళ ఎన్నో తారీఖు?"

"నీకు తెలీదా? అంత డబ్బు పోసి కాలేజీకి పంపితే తారీఖు కూడా నేర్పలేదా?"

పక్కింటి ఇవామా గారు మన కప్పు మీద మంచు తోయడానికి వచ్చి ఆ మాట విన్నారు. నవ్వు ఆపుకోలేక నిచ్చెన మీదే కూర్చుండిపోయారు. "టోకుజి గారూ, మీ దగ్గర పాసవ్వాలంటే చాలా కష్టమండీ" అన్నారు. తాతయ్య కూడా నవ్వారు.

రోజూ గేటు దాకా వెళ్లి, తాళ్లు బిగువుగా ఉన్నాయో లేదో వేలితో మీటి చూసి వస్తున్నారు. పని మరిచిపోయిన మనిషిలా లేరు అమ్మమ్మా. మీరు దిగులు పడకండి. ఒసాకా ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. ఏప్రిల్ ఒకటిన చేరాలి. మీరు వచ్చాకే బయలుదేరతాను.

మీ కాలు ఎలా ఉంది? దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు.

మినోరి


నీగాతా, ఆసుపత్రి
మార్చి 2

చిరంజీవి మినోరికి,

రెండు రోజులుగా ఇక్కడ చినుకులు. ఆసుపత్రి వాకిట్లో రేగు చెట్టు లాంటిదొకటి పూస్తోంది. అది రేగు కాదని నర్సుతో వాదించి లాభం లేకపోయింది.

నా కాలు బాగుంది. కర్ర పట్టుకుని వరండా చివరి దాకా నడుస్తున్నాను. మెట్లు కూడా త్వరలోనే ఎక్కుతాను.

తారీఖు అడిగితే ఆయన చెప్పింది జవాబు కాదు. తెలియని పిల్లలు నా క్లాసులో అలాగే ఎదురు ప్రశ్న వేసేవాళ్లు. ఇవామా గారికి నవ్వుగా ఉండొచ్చు. క్యాలెండరు తీసుకెళ్లి ఆయన టీ తాగే చోట ఎదురుగా తగిలించు. రోజూ పొద్దున ఆయన చేతే గీత కొట్టించు.

ఈసారి కింది ఏడింటికి వరసగా జవాబు రాయి. ఆయన నిద్ర ఎలా ఉంది. స్నానం తనంతట తాను చేస్తున్నారా. కిరోసిన్ స్టవ్ ఆర్పడం గుర్తుంటోందా. తోట గుడిసెలో కత్తెరలూ రంపాలూ నూనె పెట్టి ఉన్నాయా. కమీలియా చెక్కలు తీశారా. బయటికి వెళ్లి దారి తప్పారా. గేటు కొమ్మ తాళ్లు ఎలా ఉన్నాయి.

ఎండ కాస్తోందని మాత్రం ఆయన మాట వినకు.

అమ్మమ్మ


తకాదా
మార్చి 11

అమ్మమ్మకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి. తాతయ్య రాత్రి ఒకసారి లేస్తారు, మళ్లీ పడుకుంటారు. స్నానం తనే చేస్తున్నారు. స్టవ్ నేనే ఆర్పుతున్నాను, ఆయన్ని ఆర్పమనడం లేదు. కత్తెరలకూ రంపాలకూ ఆయనే నూనె పెట్టి, పాత గుడ్డలో చుట్టి పెట్టారు. కమీలియా చెక్కలు తీసేశాం, ఒక్క మొగ్గా రాలలేదు. దారి తప్పలేదు.

ఒక సంగతి చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. మొన్న తాళ్ల విషయంలో నేనొక తెలివితక్కువ పని చేశాను. తాతయ్య నన్ను గంటసేపు నిలబెట్టి తిట్టారు. తాడు ఎక్కడినుంచి విప్పడం మొదలుపెట్టాలి, పై ముడా కింది ముడా, విప్పిన తాడు ఎందుకు తడిగా చుట్టకూడదు, మార్చి మంచు ఎందుకు నమ్మకూడదు, అంతా అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. అచ్చం మీరు రాసినట్టే. "ఈ కాలం పిల్లలకు ఎండ కనిపిస్తే చాలు, చొక్కా విప్పేస్తారు, చెట్టు చొక్కా కూడా విప్పేస్తారు" అన్నారు.

అలా తిట్టేటప్పుడు ఆయన గొంతు నా చిన్నప్పటి గొంతు.

మీరు త్వరగా రండి.

మినోరి


నీగాతా, ఆసుపత్రి
మార్చి 13

చిరంజీవి మినోరికి,

వారం రోజుల వాన తెరిపిచ్చింది. కాలవ ఒడ్డున విల్లో చెట్లకు పసుపు రంగు ఊపిరి వచ్చినట్టుంది.

నీ ఉత్తరం పక్క మంచం ఆవిడకు కూడా చదివి వినిపించాను. మామూలుగా నేను అలాంటి పని చెయ్యను. గంటసేపు తిట్టారంటే ఆయన బాగున్నట్టే. తప్పు ఎక్కడుందో చూసి, ఎందుకు తప్పో చెప్పి, వరస తప్పకుండా తిట్టడం మతి పోయినవాళ్ల వల్ల అయ్యే పని కాదు. మా పెళ్లైన కొత్తలో నేను అజేలియాని ఎండాకాలం చివర కత్తిరిస్తే, పువ్వు ఎప్పుడు పుడుతుందో తెలియని దానివి పాఠాలు ఏం చెబుతావని నన్నూ ఇలాగే అన్నారు.

పొద్దున ఇక్కడి ఫోను నుంచి ఆశ్రమానికి ఫోను చేశాను. గది అక్కర్లేదని చెప్పాను. అక్కడ ఫోనెత్తినావిడ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను. మీ అమ్మకు కూడా చెప్పాను. "నీ ఇష్టం" అంది.

ఎనిమిదో తారీఖున మన వైపు మోకాళ్ల లోతు తడి మంచు పడిందని పత్రికలో చదివాను. తాళ్లు ఉన్నాయి కాబట్టి దిగులు పడలేదు. 21న ఆయన వాటిని విప్పేటప్పుడు నువ్వు నిచ్చెన పట్టుకో.

అమ్మమ్మ

సాయంత్రం కలిపింది. కవరు అంటించే ముందు నీ ఉత్తరం మళ్లీ చదువుకున్నాను, సంతోషం కొద్దీ. నేను ఏడు అడిగాను. ఆరింటికే జవాబు ఉంది. పైగా నీకు ఉత్తరం రాయడం నేర్పినప్పటి నుంచి నువ్వు ఏ ఉత్తరమూ వాతావరణం లేకుండా మొదలుపెట్టలేదు. ఈసారి ఎండ లేదు, వాన లేదు, మంచు అసలే లేదు. మూడు రోజుల కిందే మోకాళ్ల లోతు పడిన ఊళ్లో కూర్చుని మంచు మాట రాయనిదానివి దేన్ని చూడకుండా కళ్లు తిప్పుకున్నావు?

గేటు కొమ్మ ఎలా ఉంది? ఒక్క వాక్యం చాలు.


తకాదా
మార్చి 16

అమ్మమ్మా,

మార్చి 8న తడి మంచు పడింది. గేటు కొమ్మ విరిగిపోయింది.

మీరు ఒక్క వాక్యం చాలన్నారు. చాలదు. మొత్తం రాస్తాను.

ఫిబ్రవరి 28 మధ్యాహ్నం నేను టోఫు కొనడానికి వెళ్లాను. ఏప్రిల్‌లో కాసేంత ఎండ. తిరిగి వచ్చేసరికి తాతయ్య నిచ్చెన మీద ఉన్నారు. సగం తాళ్లు కింద చుట్టలు చుట్టి ఉన్నాయి. నన్ను చూసి, "వచ్చావా ఫుమికో, నిచ్చెన పట్టుకో. రేపు నీకు బడి ఉంది, త్వరగా కానిద్దాం" అన్నారు.

"ఇంకా ఫిబ్రవరే తాతయ్యా."

"ఎవరన్నారు?"

"అమ్మమ్మ రాసింది. 21 దాకా ముట్టొద్దంది."

"మీ అమ్మమ్మ లెక్క పుస్తకంలో ఉంటుంది. చెట్టు లెక్క చెట్టుది. పట్టుకుంటావా, నన్నే దూకమంటావా?"

పట్టుకున్నాను. నాకు తారీఖు తెలుసు, మీరు రాసింది తెలుసు, అయినా పట్టుకున్నాను. జనవరి నుంచి ఆయన చొక్కా గుండీ పెట్టుకోవడానికి పావుగంట పడుతోంది అమ్మమ్మా, అది మీకు రాయలేదు. ఆ చేతులే ఒక్కో ముడినీ కొసతో లాగి, తాడు తెగకుండా విప్పుతుంటే నాకు ఆపబుద్ధి కాలేదు. ఏ తాడు ముందు, ఏది తరువాత, ఏ చుట్ట ఎంత పెద్దది, అన్నీ ఆయన చేతులకు గుర్తున్నాయి. నెల ఒక్కటే గుర్తు లేదు. పని అయ్యాక కింద కూర్చుని టీ తాగుతూ పాట పాడారు.

మర్నాడు మళ్లీ కట్టిద్దామని ఇవామా గారిని అడిగాను. "ఇంకేం మంచు పడుతుందమ్మా, ఈ ఏడాదికి అయిపోయింది" అన్నారు. నాకు కావలసిన మాట అదే కాబట్టి నమ్మాను.

తొమ్మిదో తారీఖు పొద్దున తలుపు తీస్తే కొమ్మ మాను నుంచి చీలి గేటుకు అడ్డంగా పడి ఉంది. లోపలి చెక్క ఎర్రగా, తడిగా ఉంది. గేటు తెరుచుకోలేదు. నేను అక్కడే నిలబడి ఉంటే తాతయ్య బూట్లు వేసుకుని వచ్చారు. చాలాసేపు చూశారు. ఆ తరువాత అన్న మాటలు ఇవి.

"ఈ ఇంటాయన ఎవరో గానీ బుద్ధి లేని మనిషి. ఇంత కొమ్మని ఇన్నేళ్లు పెంచి, ఇప్పుడే తాళ్లు విప్పుతాడా?"

"నేనే విప్పాను" అన్నాను.

"నువ్వా? ఎవరి పిల్లవి? విప్పేముందు ఎవర్నైనా అడిగావా?"

"లేదండీ."

"ఈ వీధిలోనే రైల్వే టోకుజి అని ఉంటాడు. తాళ్ల సంగతి అతన్ని అడగాలి. అతను ఉండగా ఇలా జరగనివ్వడు."

ఆ తరువాతే గంటసేపు తిట్టారు. నేను మీకు రాసింది అదే. అందులో అబద్ధం లేదు. కానీ ఎక్కడ నిలబడి తిట్టారో రాయలేదు. రాస్తే ఆయన్ని ఆశ్రమానికి పంపేస్తారు. ఇంతకంటే నాకు ఇంకో కారణం లేదు.

మీరు గది వద్దని చెప్పారని చదివాక అన్నం తినలేకపోయాను. ఒసాకా వాళ్లకు రాలేనని రాస్తాను. ఇక్కడే ఉంటాను. నిజం తెలిసి ఉంటే మీరు ఆయన్ని పంపేవారా?

మినోరి


నీగాతా, ఆసుపత్రి
మార్చి 21

చిరంజీవి మినోరికి,

పగలూ రాత్రీ సమానమైంది. ఆకాశం తేటగా ఉంది. ఇవాళ సమాధులకు వెళ్లాల్సిన రోజు. పడుకునే ఉండి దండం పెట్టుకున్నాను.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు నీ మీద కోపం వచ్చింది. ఆ కొమ్మ గేటు దాకా రావడానికి ఒక మనిషి ఉద్యోగకాలం పట్టింది. మళ్లీ పెంచుకోవడానికి అంత ఆయుష్షు మా ఇద్దరిలో ఎవరికీ లేదు. రెండో రోజు మళ్లీ చదువుతూ, రైల్వే టోకుజిని అడగాలి అన్న మాట దగ్గర ఆగిపోయాను. అక్కడినుంచి ముందుకు చదవలేదు. పక్క మంచం ఆవిడ, మనవరాలు ఏం రాసిందని అడిగింది. తోట సంగతులు అన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. నిజం తెలిసి ఉంటే పంపేదాన్ని. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయకపోతే ఇంకో ఉత్తరంలో ఇంకో అబద్ధమవుతుంది. నిన్న ఆశ్రమానికి మళ్లీ ఫోను చేశాను. పదహారునే గది వేరొకరికి ఇచ్చేశారట. పేరు రాసి పెట్టుకుంటామన్నారు. శరదృతువు దాకా ఆశ లేదు.

నా సంగతి కూడా వినాలి. కర్రతో వరండా చివరి దాకా నడిచానని రాశాను. నడవలేదు. వాకర్ పట్టుకుని నర్సు తోడుంటే గుమ్మం దాకా వెళ్లగలను. మెట్లు ఇక ఎక్కలేనని డాక్టరు ఫిబ్రవరిలోనే చెప్పాడు. కింద కూర్చోలేను, వంగలేను. ఎవరైనా పడబోతుంటే పట్టుకోలేను. ఈ నిజం రాస్తే నువ్వు ఒసాకా మానేస్తావని రాయలేదు. ఆ నిజం రాస్తే నేను ఆయన్ని పంపిస్తానని నువ్వు రాయలేదు. ఇద్దరం కలిసి, పట్టుకునే చేతులు లేని ఇంట్లో ఆయన్ని ఉంచాం. ఎవరి పాలు ఎంతో తేల్చాలని కూర్చున్నాను. తేలలేదు. లెక్కలు చెప్పి బతికినదాన్ని నేను.

తోటలో పని చూసి ఆయన్ని తూచాలని నేనే పెట్టాను. ఆయన చేతులు పాసయ్యాయి. దానికి ఏ మార్కు వెయ్యాలో నాకు తెలియదు.

29న మీ అమ్మ కారులో నన్ను తీసుకొస్తుంది. అప్పటికీ ఆ తరువాతకీ జరగాల్సినవి ఇవి. ఏదీ మార్చకు.

1. నువ్వు 30న ఒసాకా వెళ్తున్నావు. రాలేనని రాసిన ఉత్తరం పోస్టు చేసి ఉంటే, ఈ ఉత్తరం చదివిన గంటలో ఫోను చేసి వస్తున్నానని చెప్పు.

2. చీలిన చోట మాను అంచు గరుకుగా ఉంచకూడదు. ఇవామా గారి చేత పదునైన రంపంతో నున్నగా కోయించి, గాయానికి పూసే మందు పూయించు. తాతయ్య పక్కనుండి చెప్పనీ. ఎలా చెయ్యాలో ఆయనకు తెలుసు.

3. పడిపోయిన కొమ్మ దాచుకోవడానికి కాదు. ముక్కలు కొట్టించి ఇవామా గారి పొయ్యికి పంపించు. ఎండిపోయేదాకా గేటు దగ్గర ఉంచితే ఆయన రోజూ కొత్తగా చూస్తారు.

4. అదే రోజు నిచ్చెన కూడా ఇవామా గారింటికి వెళ్లాలి. అడిగితే బాగుకు ఇచ్చామని చెప్పు. పెద్ద రంపం కూడా. చిన్న కత్తెర మాత్రం ఆయన దగ్గర ఉంచు.

5. అజేలియాల కట్లు ఇంకా ఉంటే ఇవాళే విప్పించు. ఆయన చేతే.

6. పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రం వాళ్లు వారానికి మూడు రోజులు బండి పంపుతారు. స్టేషనుకు వెళ్తున్నామని చెబితే ఎక్కుతారని మీ అమ్మ అంటోంది. అలాగే చెప్పండి. రైల్వే టోపీ ఉతికి, ఆయనకు అందే చోట తగిలించు.

7. ఒకవేళ ఆయన ఈ వారంలో నీ పేరు సరిగ్గా పిలిస్తే, ఆ రోజు తారీఖు నాకు రాయి.

8. తాళ్లు విప్పింది నువ్వని ఆయనకు చెప్పావు. ఇవాళ్టి నుంచి అమ్మమ్మ విప్పిందని చెప్పు. కొమ్మ లేని గేటు చూసిన ప్రతిసారీ ఆయన ఎవరినో ఒకరిని తిట్టకుండా ఉండరు. నువ్వు వెళ్లిపోతావు. తిట్లు తినడానికి ఇంట్లో మనిషి ఉండాలి. నేనుంటాను.